వియ్యం తెగిన పురుగులు

కొత్తగా పశువైద్యంలోకి వచ్చిన మీకు నేను నేర్పగలిగింది పెద్దగా ఏమీ మిగల్లేదు. నేను వాడిన మందుల్లో సగం ఇప్పుడు దొరకవు, దొరికే మందుల్లో సగం పేర్లకు నాకు నోరు తిరగదు. అయితే ఒక మనిషి పని చేస్తుంటే పక్కనే నిలబడి చూసే అదృష్టం నాకు దక్కింది. ఆ సంగతి మీకు చెప్పకుండా పోతే నాకే మనసు ఒప్పదు. పేర్లు మాత్రం రాయను. ఆనాటి వాళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు, లేనివాళ్ళకు పిల్లలున్నారు.

కోరుట్ల నుంచి సిరిసిల్ల వైపు పోతుంటే గుట్టలు మొదలయ్యే చోట నా మొదటి పోస్టింగు. ఆర్డరు నా చేతికిచ్చిన గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "పెండ్లయిందా?" అని అడిగాడు. కాలేదన్నాను. "అయితే నయమే" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. రోడ్డు మీద పోలీసులు సంచి విప్పించి, ఈ మందులు పశువులకా, నక్సలైట్ల దళానికా అని అడిగేవాళ్ళు. ఊళ్ళోకి పోతే దళం వాళ్ళు, పోలీసులు ఏమడిగారని అడిగేవాళ్ళు. ఇద్దరికీ నిజమే చెప్పేవాణ్ణి. అది నా గొప్పతనం కాదు, అబద్ధమాడి దాన్ని గుర్తుపెట్టుకునే ధైర్యం లేకపోయింది.

అంతకు ముందు ఆ గుట్టల కింది గొర్రెల మందలకు ఒక తిరుగుడు ఉండేది. కోతలయ్యాక మందలు గుట్టలు దిగి, సిరిసిల్ల మీదుగా ముస్తాబాద్ దాకా మేసుకుంటూ పోయేవి. ఎరువు కోసం రైతులు తమ పొలాల్లో మంద పెట్టించుకునేవాళ్ళు. వానలు పడగానే అవి మళ్ళీ ఇంటిదారి పట్టేవి. దళాలూ పోలీసు క్యాంపులూ వచ్చాక ఆ తిరుగుడు ఆగిపోయింది. గుట్ట మీద కనిపించిన గొల్లవాడు పోలీసుల కళ్ళకు దళం మనిషి, రోడ్డు పక్కన కనిపిస్తే దళం కళ్ళకు పోలీసు మనిషి. దాంతో ఎక్కడి మందలు అక్కడే ఉండిపోయాయి.

అట్లా ఉండిపోయిన వాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. గొడవలు మొదలైన ఏడు చిన్నవాడు సగం మందతో ముస్తాబాద్ వైపు ఉన్నాడు. తిరిగి రాలేక అక్కడే పెండ్లి చేసుకుని అక్కడే మందను పెంచుకున్నాడు. పెద్దవాడు మిగతా సగంతో గుట్టల కింద, తల్లి దగ్గర ఉన్నాడు. ఏండ్లు గడిచాయి. చివరికి, దళానికి గొర్రెను కోసి పెట్టాడని చిన్నవాణ్ణి పోలీసులు పట్టుకుపోయి బాగా కొట్టారు. బయటికి వచ్చీ రాగానే అతను పెళ్ళాంబిడ్డలనూ మందనూ తోలుకుని పుట్టిన ఊరికి వచ్చేశాడు. ఊరికి ఆ కొసన ఒకరి దొడ్డి, ఈ కొసన ఇంకొకరి దొడ్డి.

అవి వానాకాలం రోజులు. రెండు మందల్లోనూ గొర్రెలకు కనురెప్పల లోపల ఎరుపు పోయి తెల్లబడింది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. కడుపులో నెత్తురు తాగే పురుగు చేరితే అట్లాగే అవుతుంది. కోరుట్లలో చిన్న మందుల దుకాణం ఉన్న ఒక ముస్లిం పెద్దమనిషి ప్రతి అంగడి రోజూ అట్టపెట్టె బస్సు టాపు మీద వేసుకుని ఆ ఊరికి వచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ను సాయిబు అనేవాళ్ళు. పురుగులకు పోసే తెల్లమందు అన్నదమ్ములిద్దరూ ఆయన దగ్గరే కొన్నారు. పెద్దవాడు జబ్బు చేసిన వాటికే పోశాడు, అవి లేచి మేతకు పోయాయి. చిన్నవాడు మందకంతా పోశాడు, అతనివి రోజూ చస్తూనే ఉన్నాయి.

ఒకనాడు పొద్దున్నే పెద్దవాడు ఆస్పత్రికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. మంచినీళ్ళిచ్చాక చెప్పాడు.

"సారూ, సాయిబును సంపుతరు."

"ఎవరు? ఎందుకు?"

"నాకు మంచి మందిచ్చి, వానికి దొంగ మందిచ్చిండంట. వాని మంద సస్తే వాడు మల్ల ముస్తాబాదుకు పోతడని, జాగ నాకే ఉంటదని, నేనే సాయిబుకు చెప్పి ఇప్పిచ్చిన్నంట. మా తమ్ముడు పొయ్యి దళంకు చెప్పిండు. వచ్చే అంగడినాడు పంచాయతి పెడ్తరట. సాయిబు పోలీసుల మనిషని గూడ ఎవడో అన్నడు సారూ. గా మాట వడ్డంక ఇగ బతకనిస్తరా?"

ఆ రోజుల్లో ఆ మాట పడిన మనిషి ఏమయ్యేవాడో మేమంతా చూసినవాళ్ళమే. ఊరికి పోయి రెండు దొడ్లూ చూశాను, ఖాళీ సీసాలు చూశాను. ఒకే కంపెనీ, ఒకే బ్యాచి నంబరు. మందు ఒకటే అయినప్పుడు ఒక మంద బతికి ఇంకొకటి చావడమేమిటో నా చదువుకు అందలేదు. చచ్చిన గొర్రె కడుపు కోయించి, లోపలి పురుగులను ఒక సీసాలో వేసుకుని జగిత్యాల బస్సెక్కాను.

జగిత్యాలలో జబ్బులు పరీక్ష చేసే ల్యాబు ఉండేది. అందులో పనిచేసే డాక్టరమ్మకు నలభై ఏండ్లుంటాయి. నూలు చీర, కండ్లద్దాలు, చేతులకెప్పుడూ ఫార్మలిన్ వాసన. మా వాళ్ళు వెనకాల ఆమెను పురుగులమ్మ అనేవాళ్ళు. ఎందుకంటే ఆమె ఏ ఊరి నుంచి ఏ కడుపు వచ్చినా అందులోని పురుగులను గాజు సీసాల్లో వేసి, మీద ఊరి పేరు రాసి, గోడ నిండా పేర్చుకుంది. పెగడపల్లి, బుగ్గారం, ముస్తాబాద్, పేరున్న ప్రతి ఊరి పురుగూ అక్కడ ఉండేది. సూక్ష్మదర్శిని కింద మగ పురుగు తోకను గంటల తరబడి చూసేది. పనికిమాలిన పని అని మా పెద్ద డాక్టరొకాయన ఆమె ఎదుటే అన్నాడు. ఆమె నవ్వి, ఆయనకు టీ తెప్పించింది.

నేను కథంతా చెప్పాను. ఇంకెవరైనా అయితే ముందు దళం గురించి అడిగేవాళ్ళు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న వేరు.

"ఆ రెండు మందలు ఎన్నేండ్లు ఎడంగా ఉన్నయి?"

చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా కలవలేదా అని మళ్ళీ అడిగింది. కలవలేదన్నాను. ఆమె లేచి రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి గొర్రె కడుపులోని పురుగు, ఇంకొకటి ఆవు కడుపులోనిది. నా కంటికి రెండూ ఒకటే, ఎరుపూ తెలుపూ నూలుపోగులు కలిపి పేనినట్టు ఉన్నాయి.

"ఇవి ఒకప్పుడు ఒకటే జాతి అయి ఉండాలె. కొన్ని గొర్రెల పాలయినయి, కొన్ని ఆవుల పాలయినయి, వియ్యం తెగింది. ఇప్పుడు రెండిటినీ కలిపి పెంచితే పిల్లలైతే పుడతయి, కానీ ఆ పిల్లల్లో మగవాటికి సంతానం కాదు. అంటే ఇంక అవి రెండు జాతులన్నట్టే. పురుగుకు కాళ్ళు లేవు. గొర్రె ఎక్కడికి పోతే అదీ అక్కడికే. మధ్యల గుట్టో ఏరో అడ్డం పడి, రెండు మందలు కలవకపోతే, వాటి పురుగులు కూడ కలవవు. ఇక్కడివి ఇక్కడి తీరు, అక్కడివి అక్కడి తీరు అయితయి. అట్ల వేల ఏండ్లు గడిస్తే కొత్త జాతి. దాని కొస మనమెప్పుడూ చూడం. మొదలు మాత్రం చూడొచ్చని నాకు ఆశ."

"మనకాడ అడ్డం పడ్డది గుట్ట కాదు గదా మేడం?"

"గుట్ట చెయ్యాల్సిన పని చెక్‌పోస్టు చేసింది" అంది. తర్వాత అద్దాలు తుడుచుకుంటూ, "పంచాయతికి ఇంకా టైముంది. రేపే పోదాం. ఆ సాయిబును కూడా రమ్మను" అంది.

కబురైతే పంపాను గానీ, సాయిబు రాడనే అనుకున్నాను. కోరుట్ల నుంచి బస్సెక్కితే నిజామాబాద్ పోవచ్చు, అక్కడి నుంచి ఎటైనా పోవచ్చు. ఆయన చుట్టాలు కూడా అదే మాట అన్నారట. మర్నాడు మేం కోరుట్ల బస్టాండులో దిగేసరికి ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలో, పక్కన మందుల అట్టపెట్టెతో నిలబడి ఉన్నాడు.

"నేను ఉరికితే గా అన్న ఒక్కడే దొరుకుతడు సాబ్. ఇద్దరి మీద పడ్డ మాట ఒక్కని మీదికి పోతది. గది ఇన్సాఫ్ గాదు" అన్నాడు.

ఊళ్ళో చిన్నవాడు మమ్మల్ని దొడ్డిలోకి రానీయలేదు. డాక్టరమ్మ దొడ్డి బయటే రాయి మీద కూర్చుని అతని గొర్రెల గురించి ఒక్కొక్కటే అడిగింది. ఏ గొర్రె ఎప్పుడు పడింది, ఏది ముందు మేత మానింది అని. అట్లా అడిగేవాళ్ళ మీద ఎక్కువసేపు కోపం నిలవదు. చివరికి అతనే తడిక తీశాడు.

"నిజం కావాల్నంటే నీ చేతులతోనే తేల్చుకో" అంది ఆమె. "మీ అన్న మందల ఇంకా మందు తాగని గొర్రెలు రెండు, నీ మందల ఒకటి, మూడు తీస్తం. ఆ పెట్టెల నీకు ఇష్టమొచ్చిన సీసా నువ్వే తియ్యి. అన్నవాటిల ఒకదానికి, నీదానికి ఒకే సీసాల మందు నువ్వే పొయ్యి. ఇంకొక దానికి ఏమీ పొయ్యొద్దు. మూడిటినీ నీ మనుషులే కాపలా కాయాలె. పంచాయతి నాడు మూడింటి కడుపులు అందరి ముంగట కోసి చూద్దాం."

అతను పెట్టె అడుగు నుంచి ఒక సీసా తీశాడు. మూత విప్పి చెంబు కోసం చుట్టూ చూశాడు.

"నీళ్ళెంత కలపాలె?"

డాక్టరమ్మ మెల్లగా అడిగింది. "నీళ్ళెందుకు?"

"ఎందుకేందమ్మా? ముస్తాబాద్ల పశువుల క్యాంపు పెట్టినప్పుడల్ల గిదే తెల్లమందు ఇస్తుండిరి. సీసా మందకు సాలకపోతుండె. సగం గొర్లకు పోసి సగం ఇడిసిపెడ్తమా? నీళ్ళు గలిపి అన్నిటికీ పోస్తుంటిమి. అందరం గట్లనే. ఈడ గూడ గట్లనే పోసిన."

నేను నోరు తెరవబోయాను. ఆమె చేత్తో ఆపింది. "నువ్వు గొర్రెలకు న్యాయం చెయ్యాలనుకున్నవు. మనసు మంచిదే. లాభం మాత్రం పురుగులకు అయింది. ఇయ్యాల నీళ్ళు వద్దు, ఉన్నదున్నట్టే పొయ్యి" అంది. అతనికి ఆ మాట అర్థం కాకపోయినా చెంబు కింద పెట్టాడు.

సాయిబు ఊరు విడిచి పోకూడదని దళం నుంచి కబురొచ్చింది. పెద్దవాని ఇంటి వసారాలో ఉండిపోయాడు. నేను ఆస్పత్రికి తిరిగి వచ్చాను గానీ, అంగడి రోజు వచ్చేదాకా బుర్రలో ఒకటే ప్రశ్న. ఆమె లెక్క తప్పి, చిన్నవాని గొర్రె కడుపులో పురుగులు చచ్చి ఉంటే ఏమిటి? నీళ్ళు కలిపిన సంగతి ఎవరూ పట్టించుకోరు, అతనికి మొదట అమ్మిన మందే దొంగదని అంటారు. మేమే సాయిబు మెడకు తాడు బిగించినవాళ్ళమవుతాం. ఊరికి పోయే బస్సులో ఆ మాట ఆమెతో అంటే, "నాకూ అదే భయం" అంది. అంతటి మనిషి భయమని ఒప్పుకోవడం నాకెంతో ధైర్యాన్నిచ్చింది.

అంగడి రోజున ఊరి బయట చింతచెట్ల కింద జనం కూడారు. దళం వాళ్ళు నలుగురైదుగురు, తుపాకులు భుజాన ఉన్నాయి. మాట్లాడే అతనిది నా వయసే ఉంటుంది. సాయిబు చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టారు. ఆయన తెల్ల లాల్చీ మాసిపోయింది. గొర్రెలను కోశారు. డాక్టరమ్మ కొంగు బిగించి, మూడు కడుపులను మూడు గంగాళాల్లో ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పెట్టించింది. తర్వాత నల్ల పళ్ళెం కావాలంది. ల్యాబులో అయితే నల్ల పళ్ళెంలో పరుస్తాం, అప్పుడే సన్న పురుగులు కంటికి ఆనుతాయి. ఊళ్ళో నల్ల పళ్ళెం ఎక్కడిది?

అప్పుడు ఆ అన్నదమ్ముల తల్లి ఇంట్లోకి పోయి కొత్త నల్ల గొంగడి తెచ్చి పరిచింది. చుట్టూ కూర్చున్న కులపెద్దలు గొడవ చేశారు. వాళ్ళకు గొంగడి అంటే పెండ్లిళ్ళకూ ఒట్లకూ పరిచేది, దాని మీద కూర్చుని అన్న మాటకు తిరుగులేదు. దాని మీద పురుగులా?

"పురుగులైతేంది? మన గొర్ల కడుపుల బతికినయే గదా" అంది ముసలమ్మ. "ఒక మనిషి పానం తేలేకాడ గొంగడి పరవకపోతే ఇంకెక్కడ పరుస్తర్రా? తియ్యిర్రి అడ్డం."

డాక్టరమ్మ మొదట పెద్దవాని గొర్రెల్లో మందు తాగనిదాని కడుపు చీల్చింది. ఎర్రటి పురుగులు కుప్పగా వచ్చాయి, నల్ల గొంగడి మీద మెలికలు తిరిగాయి. తర్వాత పెద్దవానిదే, మందు తాగినది. ఎంత కడిగినా ఏమీ రాలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మూడోది చిన్నవానిది. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. చీల్చింది. పిడికెడు పురుగులు, బతికినవి, మొదటి కుప్పకు తీసిపోకుండా కదులుతున్నాయి.

"ఒకటే సీసా, పోసింది నువ్వే, నీళ్ళు గూడ కలపలే" అంది చిన్నవానితో. "మందు దొంగదైతే మీ అన్న గొర్రె కడుపుల పురుగులెట్ల సచ్చినయ్?"

దళం మనిషి దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "అంటే ఈ పురుగులు కొట్లాడి నేర్చుకున్నయా అమ్మా?"

"ఏ పురుగూ నేర్చుకోలే. ఏండ్లకేండ్లు పలుచటి మందు పోసిండ్రు. దానికి సచ్చేటివి సచ్చినయి, తట్టుకునేటివి మిగిలినయి. మిగిలిన వాటికి మిగిలిన వాటితోనే వియ్యం. గుట్ట కింది పురుగులు వచ్చి కలిసే దారే లేకపాయె. మీ మందలు నడిచే బాట మూసుకపోయింది గదా. పుట్టిన పిల్లలన్నీ తట్టుకునేటివే అయినయి. ఇంకా ఇవి రెండు కులాలు కాలే. ఇట్లనే ఎడంగ ఉంటే ఎప్పటికో అయితయి."

బాట ఎవరి వల్ల మూసుకుపోయిందో ఆమె అనలేదు. అతనూ అడగలేదు. సాయిబు కట్లు తనే విప్పాడు. "తప్పు మాట మోసినం" అని అందరికీ వినబడేట్టు అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక సాయిబు లాల్చీ దులుపుకుని, తన అట్టపెట్టె సర్దుకున్నాడు. కంట చుక్క నీరు కూడా పెట్టలేదు.

అంతటితో అయిపోలేదు. చిన్నవాడు డాక్టరమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "మరి నా మంద బతుకుడెట్లమ్మా?"

ఆమె చెప్పిన వైద్యం మా పాఠాల్లో ఎక్కడా లేదు. ల్యాబు నుంచి వేరే రకం మందు పంపిస్తాననీ, దాన్ని నీళ్ళు కలపకుండా పోసి, మందను కొన్నాళ్ళు బయటికి విడవకుండా దొడ్లోనే కోసిన మేత వేసి ఉంచాలనీ చెప్పింది. ఆ తర్వాత తన మాట పెద్దవాని వైపు తిప్పింది.

"ఆ తర్వాత వీని మందను నీ మంద మేసే బీడుల మేపాలె. నీ గొర్రెల పెంటల నుంచి నీ పురుగులు వీని గొర్రెల కడుపులకు పోవాలె. అవి మందుకు సచ్చే పురుగులు. వీనివి ఒకటో రెండో మిగిలినా వాటిల కలిసి పలుచనైతయి. నీకూ ముప్పు లేదని నేను చెప్పలేను. వీనివి నీ మందకు అంటుకోనూవచ్చు. నీ ఇష్టం."

పెద్దవాడు తల వంచుకుని నిలబడ్డాడు. మొన్ననే, తన మందను చంపించింది అన్నేనని దళానికి చెప్పిన తమ్ముడు. పక్కన తల్లి గొంగడి మడతపెడుతోంది.

"జాగ పంచుకున్నం, గొర్లు పంచుకున్నం" అన్నాడు చివరికి. "ఒక్క పురుగులే మిగిలినయ్ గదరా. అవి గూడ తీస్కపో."

చింతల కింద అందరూ నవ్వారు. చిన్నవాడు నవ్వలేదు. అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఆ తర్వాత చాలా మంది గొప్పవాళ్ళ కింద పనిచేశాను. ఆమెలాంటి వాళ్ళు నాకు మళ్ళీ తగల్లేదు. గోడ నిండా సీసాలు పేర్చినప్పుడు అవి ఒక మనిషి ప్రాణం నిలబెడతాయని ఆమెకు తెలియదు. తెలుసుకోవాలన్న కోరికతోనే పేర్చింది. మీ తోటివాళ్ళలో ఎవరైనా పనికిమాలినదేదో పట్టుకుని ఏండ్ల తరబడి చూస్తూ కూర్చుంటే, దయచేసి వెక్కిరించకండి. టీ తెప్పించండి.

మరుసటి వానాకాలం నేను పనిమీద కోరుట్లకు పోయి సాయిబు దుకాణం అరుగు మీద కూర్చున్నాను. చిన్నవాడు వచ్చాడు. ఆ పంచాయతి తర్వాత అతను ఆ దుకాణం మెట్లెక్కడం అది రెండోసారట. వానలు మొదలవుతూనే వచ్చి తెల్లమందు కొనుక్కుపోయాడనీ, ఆ రోజు సీసా ఇస్తూ దాని నంబరు తన పుస్తకంలో రాసిపెట్టుకున్నాననీ సాయిబు నాకు అంతకు ముందే చెప్పాడు.

చిన్నవాడు తన గొర్రెల పెంటికలు ఆకులో పొట్లం కట్టి జగిత్యాలకు తీసుకుపోయి, డాక్టరమ్మకు చూపించి అటునుంచి అటే వచ్చాడు. కండువా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పురుగు గుడ్లు లెవ్వంట భాయ్. నీ మందు పనిజేసింది."

సాయిబు తలూపాడు. గల్లా పెట్టె మీద చెయ్యి ఆనించి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. మెడకు చావు చుట్టుకున్న రోజున చింతల కింద చుక్క నీరు పెట్టని మనిషి, ఆ మాటకు లాల్చీ అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.